మఠానికి ప్రార్థన విన్నపం పంపడం ఎలా, ఇంట్లో మనం ఇంకొకరి కోసం ప్రార్థించడం ఎలా

మా చుట్టాల్లో ఎవరికైనా పెద్ద కష్టం వస్తే ముందు డాక్టరుకి, తర్వాత విచారణ గురువుగారికి, అంటే మా చర్చి ఫాదర్‌గారికి, ఆ తర్వాత కార్మెల్ సిస్టర్లకి ఫోన్ వెళ్తుంది. ఆ మూడో ఫోన్ ఎందుకో చాలామందికి సరిగ్గా తెలియదు. "వాళ్లు రోజంతా ప్రార్థనలోనే ఉంటారట కదా, మన పేరు కూడా చెబితే పోలా" అన్నంత వరకే తెలుసు. నాకూ అంతే తెలిసేది. చాలా ఏళ్లుగా విన్నపాలు పంపుతూ, అప్పుడప్పుడు మఠానికి వచ్చినవాళ్లని కలిసే గదిలో, దాన్ని పార్లర్ అంటారు, జాలీ అవతల కూర్చున్న సిస్టర్లతో మాట్లాడుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. సగం ఎలా అడగాలో, సగం ఇంట్లో ఎలా చెయ్యాలో. అడగడం సులువు. చెయ్యడం దగ్గరే నేను చాలాసార్లు బోల్తా పడ్డాను.

ముందు ఎవరిని అడుగుతున్నామో తెలుసుకోండి

గేటు మీద కార్మెల్ అని కనపడినంత మాత్రాన అది ఏకాంత మఠం కాదు. మంగళూరులో 1870లో పని మొదలుపెట్టిన అపోస్టలిక్ కార్మెల్ లాంటి సభల సిస్టర్లు బడులు, కాలేజీలు నడుపుతారు, వాళ్ల పిలుపు వేరు. నేను చెబుతున్నది లోపలే ఉండిపోయి ప్రార్థననే తమ పనిగా ఎంచుకున్న మఠకన్యల గురించి. అవిలాపురి తెరేసమ్మ 1562 ఆగస్టు 24న స్పెయిన్‌లో పునీత జోజప్పగారి పేరు మీద మొదలుపెట్టిన చిన్న మఠం నుంచి వచ్చిన కార్మెల్ సిస్టర్లు, 1212లో అస్సీసీలో క్లారమ్మతో మొదలైన క్లారా సిస్టర్లు, ఇలాంటివాళ్లు. మీకు దగ్గర్లో ఎక్కడ ఉన్నారో విచారణ గురువుగారిని అడిగితే చెబుతారు. పక్క జిల్లాలో ఉన్నా, పక్క రాష్ట్రంలో ఉన్నా పరవాలేదు, ఉత్తరానికి దూరంతో పనేముంది.

వాళ్ల రోజు ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే మన విన్నపం ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి నిద్రకు ముందు చేసే చివరి ప్రార్థన దాకా బైబిల్ కీర్తనలతో కూడిన వేళల ప్రార్థనలు, దివ్యబలిపూజ (మాస్), కార్మెల్‌లో అయితే వీటికి తోడు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మౌనంగా ధ్యానం. మధ్యలో పని ఉంటుంది. పూజలో వాడే అప్పాలు తయారుచేస్తారు, పూజ వస్త్రాలు కుడతారు, తోటపని చేస్తారు, వంట, బట్టలు, ముసలి సిస్టర్ల సేవ, అన్నీ. మన ఇళ్లలో ఉండే పనే. రాత్రి ప్రార్థన అయ్యాక పొద్దుటి దాకా ఎవరూ మాట్లాడుకోరు. అందుకే తొమ్మిదింటికి టీవీ సీరియల్ అయ్యాక తీరిగ్గా ఫోన్ చేసి "ఎత్తట్లేదేంటి" అనుకోవద్దు. మొదటిసారి మాట్లాడినప్పుడే ఏ వేళల్లో చెయ్యొచ్చో అడిగి రాసిపెట్టుకోండి.

నేరుగా వెళ్తే గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అలమర ఒకటి కనిపించవచ్చు, దాన్ని టర్న్ అంటారు. బెల్లు కొడితే అవతల నుంచి సిస్టర్ గొంతు వినిపిస్తుంది, మనిషి కనపడదు. చీటీ, అరటిపళ్లు, ఏది తెచ్చినా అందులో పెడితే అవతలికి తిరుగుతుంది. మొదటిసారి నాకు కొంచెం నవ్వు, కొంచెం భయం రెండూ వచ్చాయి. పోస్టాఫీసులో పార్శిల్ ఇచ్చినట్టు ఇచ్చేసి వచ్చేశాను. ఆ పోలిక ఎంత తప్పో తర్వాత తెలిసింది.

చీటీలో ఏం రాయాలి

నా మొదటి విన్నపం రెండు పేజీలు. మా అమ్మ ఆపరేషను, అంతకుముందు ఏ మందులు వాడారు, ఏ ఆసుపత్రిలో ఎవరేమన్నారు, మా అన్నయ్య డబ్బు విషయంలో ఎలా ప్రవర్తించాడు, అన్నీ. దేవుడికి కేసు ఫైలు అందిస్తున్నట్టు రాశాను. జవాబుగా ఒక పోస్టు కార్డు వచ్చింది, అందులో మా అమ్మ పేరు, రోజూ తలుచుకుంటున్నామని ఒక వాక్యం, అంతే. అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు నేను ఎవరి కోసం రాసినా మూడు లైన్లు దాటను.

పేరు రాయండి, ఇంటిపేరు అక్కర్లేదు. మీకేమవుతారో రాయండి. అవసరం ఒక్క వాక్యంలో రాయండి: "మా చెల్లెలు, ముప్ఫై రెండేళ్లు, రెండుసార్లు కడుపు పోయింది, ఇప్పుడు అయిదో నెల." ఇది చాలు. తేదీ ఏదైనా ఉంటే, అంటే ఆపరేషన్ రోజు, కోర్టు వాయిదా, ఇంటర్వ్యూ, అది తప్పకుండా రాయండి, ఆ రోజు వాళ్లకి గుర్తుంటుంది. చాలా మఠాల్లో విన్నపాలను సిస్టర్లందరూ చూసేచోట బోర్డు మీద పెడతారు, కాబట్టి ఇతరుల రహస్యాలు, జబ్బు పేర్లు, కాపురం గొడవలు వాళ్ల అనుమతి లేకుండా రాసెయ్యకండి. పేరు కూడా చెప్పలేని పరిస్థితి అయితే "తాగుడు మానలేకపోతున్న ఒక అబ్బాయి కోసం" అని రాస్తే సరిపోతుంది. ఎవరో దేవుడికి తెలుసు.

ఫలితం మీరు నిర్ణయించి రాయడం మానండి. "మా వాడికి అమెరికా వీసా ఫలానా నెలలో వచ్చేలా" అని రాసేవాళ్లు బోలెడుమంది, నేనూ రాశాను, మావాడి వీసాకే. తెరేసమ్మ తన సిస్టర్ల కోసం రాసిన పుస్తకం మొదట్లోనే ఈ బాధ చెప్పుకుంది. లోకం తగలబడిపోతుంటే జనం వచ్చి ఆస్తుల గురించీ, డబ్బు వ్యాజ్యాల గురించీ దేవుణ్ని అడగమంటున్నారని, దేవుడితో చిన్న చిన్న బేరాలాడే సమయమా ఇది అని. అలా అని తలుపు మూసెయ్యలేదు, మనుషుల బలహీనత తెలిసినది, ఎంతో కొంత సాయం దొరికితే వాళ్లకి ఊరట అని ఒప్పుకుంది. ఆవిడ అసలు బెంగ మాత్రం వేరు. బయట బోధించేవాళ్లు, చదువుకున్నవాళ్లు, శ్రీసభ (కతోలిక సంఘం) తరఫున నిలబడేవాళ్లు పడిపోకుండా లోపలున్న కొద్దిమంది ప్రార్థనతో మోయాలి. మొదట్లో ఒక మఠంలో పదమూడు మందికి మించకూడదనుకుంది. పదమూడు మంది ఆడవాళ్లు, గోడల మధ్య, వాళ్ల మీద అంత బరువు! కాబట్టి వీసా గురించి అడగండి, తప్పు లేదు, దాంతోపాటు ఆ వీసా తీసుకునే మనిషి కోసం కూడా ఒక మాట అడగండి.

డబ్బు సంగతి చెప్పేస్తాను. ప్రార్థనకి రేటు ఉండదు. కానుక ఇస్తే తీసుకుంటారు, వాళ్లకీ కరెంటు బిల్లు ఉంటుంది, ఇవ్వకపోతే మీ పేరు పక్కన పెట్టరు. పూజ చెప్పించడం వేరే విషయం, అది గురువుల ద్వారా జరుగుతుంది, దానికి మేత్రాసనం, అంటే బిషప్‌గారి కార్యాలయం, నిర్ణయించిన కానుక ఉంటుంది, ఈ రెండూ కలిపేయకండి. "ఇంత కడితే ఇన్ని రోజుల్లో అద్భుతం" అని ఆన్‌లైన్‌లో అడిగేవాళ్లు ఏ మఠం వాళ్లూ కారు, డబ్బు పంపకండి. కానుకల్లో నాకు బాగా నచ్చింది ఫిలిప్పీన్స్ ఆచారం, అక్కడ పెళ్లిరోజు వాన పడకూడదని క్లారా సిస్టర్లకి కోడిగుడ్లు తీసుకెళ్లి ఇస్తారు. మన దగ్గర గుడ్లు కాకపోయినా బియ్యం, నూనె, కొవ్వొత్తులు చక్కగా పనికొస్తాయి.

ఆ తర్వాత మనం అందరం మర్చిపోయే పని ఒకటుంది. ఏం జరిగిందో తిరిగి చెప్పాలి. పని అయితే స్వీట్లు పట్టుకుని వెళ్తాం, అవ్వకపోతే మొహం చాటేస్తాం. అవతల సిస్టర్ ఆ పేరుని నెలల తరబడి మోస్తూనే ఉంటుంది. బిడ్డ దక్కలేదనో, మనిషి పోయారనో రెండు ముక్కలు రాయండి. అప్పుడు వాళ్ల ప్రార్థన ఆగదు, రూపు మారుతుంది.

"దేవుణ్ని డైరెక్ట్‌గా అడగొచ్చు కదా?"

ఈ ప్రశ్న మన ఇళ్లలో ఖాయం, ఎందుకంటే సగం బంధువులు వేరే సంఘాలకి వెళ్తారు. నాకు మా బావగారితో ప్రతి క్రిస్మస్‌కీ ఇదే చర్చ. తిమోతికి రాసిన మొదటి లేఖ రెండో అధ్యాయంలో దేవునికీ మనుషులకీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని ఉంది, అయిదో వచనం. ఆయన అది చూపిస్తారు. అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కోసం విన్నపాలు చెయ్యమని ఉంది, అది నేను చూపిస్తాను. ఆ రెండూ ఒకే మనిషి ఒకే ఊపులో రాసినవి. ఆయన కూడా వాళ్ల పాస్టరుగారిని "మా కోసం ప్రేయర్ చెయ్యండి" అని అడుగుతూనే ఉంటారు. చర్చ అక్కడ ఆపి భోజనానికి లేస్తాం.

నిర్గమకాండం పదిహేడో అధ్యాయం చదివితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. యెహోషువ కింద అమాలేకీయులతో యుద్ధం చేస్తుంటే మోషే కొండ మీద చేతులెత్తి ఉంటాడు. చేతులు దిగితే కింద ఓటమి. చేతులు బరువెక్కుతాయి. అప్పుడు అహరోను, హూరు ఆయన్ని రాయి మీద కూర్చోబెట్టి చెరో చెయ్యీ పట్టుకుంటారు, సూర్యుడు అస్తమించేదాకా. మఠం వాళ్లు చేసేది ఆ చెయ్యి పట్టుకునే పని. చెయ్యి ఎత్తడం మాత్రం మనం మానకూడదు. చీటీ ఇచ్చి చేతులు దులుపుకుంటే పట్టుకోవడానికి వాళ్లకి ఏం మిగులుతుంది?

ఇంట్లో ఎలా

ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్ వద్దు, ఫోన్‌లో పేరు చూసేలోపు పది మెసేజ్‌లు వస్తాయి. పన్నెండు మందికి మించి రాయకండి. నేను ఒకప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన ప్రతి "ప్లీజ్ ప్రే" కీ దండం బొమ్మ పెట్టి వంద పేర్లు రాసుకున్నాను, వారంలో అది ఓటర్ల జాబితా చదివినట్టు తయారైంది. పన్నెండు పేర్లయితే ఒక్కొక్కరి మొహం కళ్ల ముందుకి వస్తుంది.

వేళ కుదుర్చుకోండి. పొద్దున, సాయంత్రం, పది నిమిషాలు చొప్పున. మనసు వచ్చినప్పుడు చేద్దాంలే అనుకుంటే రాదు, ఇది మఠాల దగ్గర నేర్చుకోవలసిన మొదటి సంగతి. గంట కొడితే సగం కుట్టిన కుట్టు అక్కడే వదిలి లేస్తారు, మూడ్ ఉందా లేదా అని ఎవరూ అడగరు. మీకు గంట లేదు, ప్రెషర్ కుక్కరో పిల్లల స్కూల్ బస్సో ఉంటుంది. దాన్నే గుర్తుగా పెట్టుకోండి.

మొదట ఒక కీర్తన, నెమ్మదిగా, పైకి చదవండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, నన్ను అన్నిటికంటే ఎక్కువ మార్చింది ఇదే. కీర్తన మీ మూడ్‌కి తగ్గట్టు ఏరుకోవద్దు. మఠాల్లో శుక్రవారం రాత్రి ప్రార్థనలో 88వ కీర్తన వస్తుంది. మొత్తం కీర్తనల్లో అంత చీకటిది ఇంకోటి లేదు, చివరి మాట కూడా చీకటితోనే ఆగుతుంది, ఓదార్పు లేదు. ఆ రోజు ఒక సిస్టర్ చాలా సంతోషంగా ఉండి ఉండొచ్చు. అయినా పాడుతుంది. ఎవరి గొంతుతో పాడుతున్నట్టు? ఆ రాత్రి ఎక్కడో ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్న మనిషి గొంతుతో. ఆ మనిషికి ప్రార్థించే ఓపిక లేదు, మాటలు లేవు, అతని మాటలు ఈమె నోట్లో ఉన్నాయి. మీకు నప్పని కీర్తన వస్తే ఇది ఎవరిదై ఉంటుందా అని ఆలోచించండి, నోట్‌బుక్‌లో ఒక పేరు దానంతటదే పైకి తేలుతుంది. ఏడుస్తున్న రోజు స్తుతి కీర్తన వచ్చినా అంతే, ఆ రోజు ఎవరింట్లోనో బిడ్డ పుట్టి ఉంటుంది.

తర్వాత పేర్లు. పేరు చెప్పండి, ఆగండి, ఇంకో పేరు. వివరాలు, కారణాలు, సలహాలు వద్దు. చిన్న తెరేసమ్మ, అదే ఫ్రాన్స్‌లోని లిస్యూ కార్మెల్‌లో ఇరవై నాలుగేళ్లకే, 1897 సెప్టెంబర్ 30న కన్నుమూసిన తెరేసమ్మ, ఇదే చిక్కులో పడింది. ఆమెకి ప్రార్థనలో అప్పగించినవాళ్లు చాలామంది, ఆత్మీయ సోదరులుగా అప్పగించిన ఇద్దరు మిషనరీలు కూడా ఉన్నారు, వాళ్లలో ఒకాయన చైనాలో పనిచేసేవాడు. ఒక్కొక్కరి అవసరమూ విడివిడిగా చెప్పుకుంటూ పోతే రోజు చాలదని ఆమెకి అనిపించింది. అప్పుడు పరమగీతంలో "నన్ను ఆకర్షించు, మేము పరుగెత్తి వస్తాం" అనే మాట దొరికింది. అడిగింది నన్ను అని, పరుగెత్తేది మేము. నేను దగ్గరకి వెళ్తే నాకు అంటుకుని ఉన్నవాళ్లు కూడా వస్తారు అని ఆమె అర్థం చేసుకుంది. గోడ దాటి ఎక్కడికీ వెళ్లని ఈమెని 1927లో పోప్ పదకొండవ పయస్ వేదవ్యాపకుడైన ఫ్రాన్సిస్ జేవియర్‌తో సమానంగా మిషన్లకి పాలకురాలిగా ప్రకటించారు. చాలామంది దాన్ని గౌరవ బిరుదు అనుకుంటారు. నాకు మాత్రం పని చూసి ఇచ్చిన ఉద్యోగంలా కనిపిస్తుంది.

అంటే పేర్లు చెప్పాక కాసేపు ఊరికే కూర్చోవడం కూడా ఆ విన్నపంలో భాగమే. అయిదు నిమిషాలు. బుర్ర ఎటో పోతుంది, పాలవాడి లెక్క, ఆఫీసులో ఒకడు అన్న మాట. వాడి పేరు వచ్చిందా, వాడిని కూడా దేవుడి ముందు పెట్టి మళ్లీ ఊరుకోండి. పరధ్యానంలో వచ్చినవాళ్లు పిలవని చుట్టాల్లాంటివాళ్లు, తిట్టి పంపేకంటే ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టడం సులువు.

బేరం ఆడొచ్చా అని అడుగుతారు. ఆడొచ్చు. ఆదికాండంలో అబ్రహాము సొదొమ కోసం యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి నలభై అయిదు, నలభై, ముప్ఫై, ఇరవై అంటూ పదికి దించాడు, మన కూరగాయల బజారులో ఎవరికీ తీసిపోడు. పది దగ్గర ఎందుకు ఆపేశాడన్నది నాకు ఇప్పటికీ బాధే. ఒక్క సంగతి గమనించండి, ఆయన బేరమంతా వేరేవాళ్ల కోసం.

జవాబు రాకపోతే

ఇది పెద్ద విషయం. చిన్న తెరేసమ్మ కథల్లో అందరూ చెప్పేది ప్రాంజీనీది. 1887లో పారిస్‌లో ముగ్గుర్ని చంపినందుకు మరణశిక్ష పడ్డవాడు, పశ్చాత్తాపం లేదు. పద్నాలుగేళ్ల తెరేసమ్మ అతని కోసం ప్రార్థించింది. ఒక గుర్తు చూపించమని అడిగింది, చూపించకపోయినా నమ్ముతానంది. ఆగస్టు 31న అతన్ని తల నరికే యంత్రం, గిలటిన్ దగ్గరకి తీసుకెళ్లారు, ఆఖరి క్షణంలో గురువుగారి చేతిలోని సిలువని మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడు. పేపర్లో చదివి ఆమె ఏడ్చింది, అతన్ని తన మొదటి బిడ్డ అంది. మంచి కథ, ప్రసంగాల్లో బాగా పండుతుంది.

మనకి ఎక్కువగా పనికొచ్చేది మాత్రం ఆ తర్వాత జరిగినది. 1896 ఈస్టర్ రోజుల నుంచి చనిపోయేదాకా, దాదాపు ఏడాదిన్నర, ఆమెకి పరలోకం ఉందన్న ఆలోచన కూడా చీకటైపోయింది. ప్రార్థించింది, ఏమీ వినపడలేదు. అప్పుడామె అవిశ్వాసుల బల్ల దగ్గర కూర్చుని వాళ్ల రొట్టె తింటున్నానని రాసుకుంది, "వాళ్లని కనికరించు" అనకుండా "మమ్మల్ని కనికరించు" అంది. జవాబు రాని రోజుల్లో నేను ఈ ఒక్క మాట పట్టుకుంటాను. తాగే తమ్ముడి కోసం అడిగేటప్పుడు "వాణ్ని మార్చు" అని ఏళ్లపాటు అడిగి విసిగిపోయాక, "మమ్మల్ని" అని మార్చి చూశాను. తమ్ముడు వెంటనే మానలేదు. నేను వాడితో ఫోన్‌లో మాట్లాడే తీరు మారింది, అది వాడే గమనించి అడిగాడు.

ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఉంటే వాళ్లని "పాపం, ప్రార్థన అవసరమైనవాళ్లు" అనే లెక్కలోనే ఉంచకండి. మదర్ తెరేసాతో కలిసి పనిచేయాలని ఆశపడ్డ జాక్లీన్ డి డెక్కర్ అనే బెల్జియం ఆవిడ వెన్నెముక జబ్బు వల్ల చేరలేకపోయింది. మదర్ ఆవిడని తన రెండో నేను అని పిలిచి, తన పని కోసం ఆ నొప్పినే ప్రార్థనగా సమర్పించమని అడిగారు. అలా ఒక్కో సిస్టర్‌కి ఒక్కో రోగి జతగా నిలిచారు. మా అత్తగారికి తుంటి విరిగి మంచానికి అతుక్కుపోయినప్పుడు నేను నా నోట్‌బుక్‌లోంచి అయిదు పేర్లు రాసిచ్చాను. అప్పటిదాకా రోజుకి పదిసార్లు "నన్నెందుకు తీసుకుపోడు" అనే మనిషి, ఆ తర్వాత సాయంత్రం అయ్యేసరికి "ఆ పిల్ల పరీక్ష ఏమైంది" అని ఆరా తియ్యడం మొదలుపెట్టారు. జపమాల చేతిలో పెట్టి ఊరుకోకుండా పేర్లు కూడా ఇవ్వండి.

సంవత్సరంలో ఒక్కరోజు, నవంబర్ 21న, మరియమాతను దేవాలయంలో కానుకగా సమర్పించిన పండుగ నాడు, ఏకాంత మఠాల వాళ్ల కోసం మనం ప్రార్థించే ఆనవాయితీ ఉంది. ఆ రోజు నోట్‌బుక్‌లో పదమూడో పేరుగా మీ మఠం పేరు రాయండి. వీలైతే ఏ విన్నపమూ లేకుండా ఒక్కసారి వెళ్లి రండి, సిస్టర్ తప్పకుండా "ఎవరి కోసమమ్మా" అని అడుగుతుంది, ఈసారి మీ కోసమే అని చెప్పండి.

ఇక మిగిలింది పేర్లు ఎప్పుడు కొట్టెయ్యాలన్నది. పని జరిగితే ఒక కృతజ్ఞత చెప్పి కొట్టెయ్యొచ్చు. మనిషి చనిపోతే కొట్టెయ్యకండి. వేళల ప్రార్థనలో సాయంత్రం చేసే విన్నపాల్లో చివరిది ఎప్పుడూ చనిపోయినవాళ్ల కోసమే, అందుకని నా నోట్‌బుక్‌లో కూడా ఆఖరి పేజీ వాళ్లకి ఉంచాను. మా అమ్మ పేరు మొదటి పేజీలో నాలుగేళ్లు ఉంది, ఇప్పుడు ఆ ఆఖరి పేజీలో ఉంది. మఠానికి ఆ విషయం మూడు లైన్లలో రాసి పంపాను.